అయాన్ల సంఖ్య పెంచితే గాలి శుభ్రమవుతుందా? పేటెంటుకు ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. ధన, ఋణ అయాన్లు (విద్యుదావేశం ఉన్న అణువులు) రెండింటినీ వెలువరించే సూదుల వరుస, దాని వెనుక అతినీలలోహిత దీపం, ఆ తరువాత టైటానియం డయాక్సైడ్ పూసిన జాలీ, చివర ఫ్యాను. ఇవన్నీ ఒకే పెట్టెలో అమర్చి గదిగాలిని శుభ్రపరిచే పరికరం తయారుచేశారు. 1 ఘనపు మీటరు పరీక్షపెట్టెలో గంటసేపు నడిపితే గాలిలోని బాక్టీరియా 99.9 శాతం తగ్గిందని ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. ఈ కలయికకు పేటెంటు వస్తుందా, వోల్టేజి పెంచి అయాన్ల సంఖ్యను పది రెట్లు చేస్తే ఫలితం ఇంకా మెరుగవుతుందా అని అడిగారు. చివర ఒక్క వాక్యంలో, సూదుల్లో ప్రవహించే విద్యుత్తు తగ్గగానే అవి వాటంతటవే వెనక్కి జరిగి, ఒక సన్నని రంధ్రం అంచుకు రాసుకుని శుభ్రపడే ఏర్పాటు కూడా చేశానన్నారు.

22 ఏళ్లుగా నా పని ఇదే. స్థిరవిద్యుత్ ఫిల్టర్లు, అయానైజర్లు తయారుచేశాను, ఇతరులు చేసినవాటిని పరీక్షించాను, పేటెంటు దరఖాస్తుల్లో సాంకేతిక భాగం రాశాను. మీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఈ కలయికకు పేటెంటు దొరకడం కష్టం. అయాన్లను పదింతలు చేసినా గదిలో తేడా దాదాపు కనబడదు. మీరు చివర్లో దాటేసిన ఆ ఒక్క వాక్యం మాత్రం నన్ను ఆపింది. దాని దగ్గరికి తిరిగి వస్తాను. ముందు నివేదిక సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నమ్మకమంతా దాని మీదే నిలబడి ఉంది.

గంటలో 99.9 శాతం తగ్గడమంటే వెయ్యిలో ఒకటి మిగలడం. గాలిలోని సూక్ష్మజీవులు ప్రతి నిమిషం ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతాయి కాబట్టి, వెయ్యి సంఖ్యకు సహజ సంవర్గమానం తీసుకుంటే తగ్గుదల రేటు గంటకు 6.9 అని తేలుతుంది. పెట్టె పరిమాణం 1 ఘనపు మీటరు కాబట్టి, మీ పరికరం గంటకు 6.9 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని ఇచ్చినట్టు. ఇప్పుడు అదే పరికరాన్ని 30 ఘనపు మీటర్ల గదిలో పెట్టండి. 6.9ని 30తో భాగిస్తే గంటకు 0.23. తలుపులు, కిటికీలు మూసిన మామూలు గదిలో కూడా సందుల్లోంచి తరచూ ఆ మాత్రం గాలి వచ్చిపోతూనే ఉంటుంది. ఆ గదిలో అదే 99.9 శాతం చేరాలంటే 30 గంటలు పడుతుంది. నివేదికలో అబద్ధమేమీ లేదు. పెట్టె చిన్నది, అంతే. అందుకే నేను ఏ నివేదికలోనైనా శాతం చూడకముందు పరీక్ష జరిగిన గది ఘనపరిమాణం చూస్తాను.

ఇందులోంచి ఇంకొకటి తీసేయాలి. పరికరం ఆపి ఉంచినా గాలిలోని కణాలు కిందికి దిగుతాయి, గోడలకు అంటుకుంటాయి, బాక్టీరియా ఎండిపోయి చనిపోతుంది. దీన్ని సహజ తగ్గుదల అంటాం. పెట్టెలో గాలిని కలపడానికి ఫ్యాను తిరుగుతుంటే అది ఇంకా ఎక్కువ. మీ నివేదికలో ఈ సహజ తగ్గుదల అంకె ఉందో లేదో చూడండి. ఉంటే అది ఏ స్థితిలో కొలిచారో చూడండి. ఫ్యాను తిరుగుతూ, అయాన్లు మాత్రమే ఆగి ఉన్న స్థితిలో కొలవాలి. పరికరాన్ని పూర్తిగా ఆపి కొలిస్తే, ఫ్యాను చేసిన పని కూడా అయాన్ల ఖాతాలో పడిపోతుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల నెలల తరబడి తప్పుదారిన నడిచిన బృందాలను చూశాను. మొదటి మూడేళ్లలో నేనూ అలాగే నడిచాను.

మూడో సంగతి ఓజోన్. సూది కొన దగ్గర గాలి చీలినప్పుడు ఆక్సిజన్ అణువులు కూడా విడిపోయి ఓజోన్‌గా మారతాయి. మీ పరికరం గంటకు 1 మిల్లీగ్రాము ఓజోన్ ఇస్తుందనుకుందాం, ఇది పెద్ద మొత్తమేమీ కాదు. 1 ఘనపు మీటరు పెట్టెలో గోడలు పీల్చుకున్నది లెక్కలోకి తీసుకోకపోతే, గంటకల్లా అది సుమారు 0.5 పీపీఎమ్‌కు, అంటే గాలిలో పది లక్షల భాగాలకు సగం భాగానికి, చేరుతుంది. మనుషులుండే చోట పరికరాల నుంచి వచ్చే ఓజోన్‌కు అమెరికా ఆహార, ఔషధ సంస్థ వైద్య పరికరాలకు పెట్టిన పరిమితి 0.05 పీపీఎమ్. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఇళ్లలో వాడే ఎయిర్ క్లీనర్లకు పెట్టిన పరిమితి కూడా అదే. అంటే పరిమితికి పది రెట్లు. ఆ పెట్టెలో బాక్టీరియాను చంపింది అయాన్లా, ఓజోనా అన్నది మీ నివేదిక చెప్పలేదు. ఓజోనే అయితే పెద్ద గదిలో అది పలచబడి ఆ ప్రభావం పోతుంది. ప్రభావం నిలబడాలని ఓజోన్ పెంచితే ఆ గదిలో మనిషి కూర్చోలేడు. ఊపిరితిత్తులకు దాని హాని బాగా తెలిసినదే. పైగా నిమ్మ, దేవదారు వాసనల్లో ఉండే టెర్పీన్లతో అది కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతిసూక్ష్మ కణాలు పుడతాయి. నేల తుడిచే ద్రవాల్లోని పరిమళం చాలు ఇందుకు.

ఇప్పుడు అయాన్లను పదింతలు చేయడం గురించి. దీనికి ఒక చిన్న లెక్క చాలు. దయచేసి కాగితం మీద మీరూ వేసి చూడండి.

ధన అయాను, ఋణ అయాను ఎదురుపడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఘనపు సెంటీమీటరులో రెండు రకాలూ చెరో లక్ష ఉంటే, ఈ పునస్సంయోగం వల్ల వాటిలో సగం 6 సెకన్లలో మాయమవుతాయి. నిమిషం గడిచేసరికి సుమారు 9,400 మిగులుతాయి. ఇక మీరనుకున్నట్టు పదింతలు చేసి చెరో 10 లక్షలతో మొదలుపెట్టండి. ఈసారి సగం పోవడానికి 0.6 సెకన్లే పడుతుంది. నిమిషం తరువాత మిగిలేవి దాదాపు 10,300. మొదట్లో పది రెట్ల తేడా, నిమిషానికల్లా పదో వంతు తేడా కూడా లేదు. ఎంత దట్టంగా పుట్టిస్తే అంత వేగంగా వాటిలో అవే కొట్టుకుని పోతాయి. గోడలకు, ధూళికి అంటుకుని పోయేవి దీనికి అదనం. గదిలో మనిషి కూర్చున్న చోటికి గాలి చేరడానికి నిమిషం ఎక్కువ కాలమేమీ కాదు. అందుకే పరికరం మూతి దగ్గర అయాన్ మీటరు చూపే అంకెకూ, గది మధ్యలో చూపే అంకెకూ పొంతన ఉండదు. వోల్టేజి పెంచినందువల్ల గదిలో నిజంగా పెరిగేది ఓజోన్.

ప్రకటనల్లో సెకనుకు ఇన్ని కోట్ల అయాన్లు అని రాస్తుంటారు. 1 మైక్రో ఆంపియర్ విద్యుత్తు అంటేనే సెకనుకు సుమారు 6.2 లక్షల కోట్ల అయాన్లు, కాబట్టి కోట్ల మాట విని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎదురుగా ఉన్నదాన్ని కూడా లెక్కపెట్టాలి. 30 ఘనపు మీటర్ల గదిలో ఫార్మాల్డిహైడ్ ఒక్క పీపీబీ, అంటే వంద కోట్ల అణువులకు ఒకటి చొప్పున ఉందనుకోండి. ఆ 1 మైక్రో ఆంపియర్‌లో పుట్టిన ప్రతి అయానూ వృథా కాకుండా ఒక్కో ఫార్మాల్డిహైడ్ అణువును పట్టి విరగ్గొట్టినా, ఆ ఒక్క పీపీబీ పూర్తికావడానికి 33 గంటలు పడుతుంది. వృథా కానిది నూటికి ఒకటైనా ఉంటుందని నేను అనుకోను. కాబట్టి అయాన్లు వాసనలను, రసాయన ఆవిర్లను ‘విడగొడతాయి’ అన్న వాక్యం మీ వివరణలో ఉంటే తీసేయండి. అక్కడ ఏదైనా రసాయన చర్య జరుగుతుంటే అది ప్రధానంగా ఓజోన్, దానితోపాటు పుట్టే రాడికల్స్ వల్లే. ఆ చర్య కూడా చాలాసార్లు సగంలో ఆగిపోతుంది. 2021లో ఇల్లినాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, పోర్ట్‌లాండ్ స్టేట్, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సూదిమొన ద్విధ్రువ అయనీకరణ పరికరాన్ని, అంటే మీదానిలాగే సూదులతో రెండు రకాల అయాన్లూ వదిలేదాన్ని, పరీక్షగది (ఛాంబర్)లోనూ, వాడకంలో ఉన్న భవనంలోనూ పరీక్షించి ప్రచురించారు. కణాల తగ్గుదల నామమాత్రం. కొన్ని కర్బన ఆవిర్లు తగ్గాయి. అసిటోన్, టోల్యూయీన్ లాంటివి కొన్ని పెరిగాయి. మీ పరికరం విషయంలో ఏ పేటెంటు పరీక్షకుడైనా మొదట తీసేది ఈ పత్రాన్నే.

రెండు రకాల అయాన్లూ కలిపి వదిలితే ధూళికణాలు ఆవేశం పొంది గుంపులుగా చేరి కింద పడతాయని కూడా రాశారు. నిజానికి గాలిలో తేలే కణాలను పరిశీలించే ఏరోసాల్ ప్రయోగశాలల్లో కణాలకున్న ఆవేశాన్ని పోగొట్టడానికే ద్విధ్రువ అయాన్లను వాడతాం. రెండు రకాలూ సమానంగా తగిలితే కణం మీద మిగిలే ఆవేశం సున్నాకు దగ్గరగా వచ్చి స్థిరపడుతుంది. ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో బల్లల మీద పెట్టే అయానైజర్లు చేసేది ఇదే. అక్కడ 1,000 వోల్టులకు ఎక్కించిన లోహపు పలక 100 వోల్టులకు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. స్థిరవిద్యుత్తును తొలగించే పనిలో ఈ సాంకేతికతకు నా పూర్తి గౌరవం ఉంది, అది నిస్సందేహంగా పనిచేస్తుంది. దాన్నే తెచ్చి ధూళిని పట్టమంటే తన స్వభావానికి విరుద్ధమైన పని చేయమన్నట్టు.

ఒకే ధ్రువపు అయాన్లు వదిలితే కణాలకు ఆవేశం వస్తుంది, నిజమే. అప్పుడవి ఎక్కడికి పోతాయి? ఒకసారి ఋణ అయాన్లు వదిలే పరికరం ఒకటి ఏడాది పాటు నడిచిన గదికి వెళ్లాను. పరికరాన్ని పక్కకు జరిపితే వెనుక గోడ మీద దాని ఆకారం తెల్లగా మిగిలి, చుట్టూ మూరెడు వెడల్పున నల్లటి మచ్చ పరుచుకుని ఉంది. వేలితో రాస్తే మసిలా అంటింది. పక్కనున్న ప్లాస్టిక్ స్విచ్చు పలక మీద ఇంకా దట్టంగా ఉంది. గాలిలోంచి ధూళి పోయిన మాట వాస్తవం. ఆ గదికి గోడే ఫిల్టరు అయింది. దాన్ని మార్చలేం, కడగడం కూడా ఎవరికీ తోచలేదు. ఎవరైనా గోడకు ఆనుకుంటే కొంత మళ్లీ గాలిలో కలుస్తుంది. సూక్ష్మజీవుల విషయంలో ఇదే ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. గోడకు అంటిన బాక్టీరియా చచ్చిందా, బతికే ఉందా? పెట్టెలో పరీక్ష అయ్యాక లోపలి గోడలను తడి దూదితో తుడిచి ఆ నమూనాను పెంచి చూడమని మీ ప్రయోగశాలను అడగండి. చాలా నివేదికల్లో ‘చంపినవి’గా లెక్కకు వచ్చినవి అక్కడ బతికి దొరుకుతాయి. నమూనా తీసే గొట్టం మామూలు ప్లాస్టిక్‌ది అయితే ఆవేశమున్న కణాలు దాని లోపలి గోడకే అంటుకుని మీటరు దాకా రావు. దాంతో గాలి నిజంగా ఉన్నదానికంటే శుభ్రంగా కనబడుతుంది. విద్యుద్వాహక గొట్టం వాడారో లేదో కనుక్కోండి.

ఇక ఈ రంగంలో నిజమైన ఆవిష్కరణ ఎక్కడ ఉంటుందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. విద్యుత్తుతో పొగను కూలగొట్టవచ్చని 1824లోనే లైప్‌జిగ్‌లో హోల్‌ఫెల్డ్ ఒక జాడీలో చూపించాడు. 1880లలో ఆలివర్ లాడ్జ్ దాన్ని వేల్స్‌లోని సీసం కరిగించే కర్మాగారంలో పెట్టించాడు. పనిచేయలేదు, ఎందుకంటే అప్పటి స్థిరవిద్యుత్ యంత్రం నిలకడగా తగినంత విద్యుత్తు ఇవ్వలేకపోయింది, సీసపు ధూళి కూడా పట్టుకోవడానికి మొండిది. సూత్రం తెలిసి ఎనభై ఏళ్లు గడిచినా పరికరం లేదు. ఆ పరికరాన్ని ఇచ్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఫ్రెడరిక్ కాట్రెల్. ఆయన 1907లో దరఖాస్తు పెట్టగా 1908లో పేటెంటు వచ్చింది.

కాట్రెల్ చేసినవి రెండు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే అధిక వోల్టేజి ప్రత్యావర్తక విద్యుత్తును, దానితో లయగా తిరిగే యంత్రపు కమ్యుటేటరుతో ఏకముఖంగా మార్చాడు. లాడ్జ్‌కు దొరకని నిలకడ అలా దొరికింది. రెండోది నాకు ఎప్పటికీ ఇష్టమైన ఘట్టం. సందెచీకటిలో పనిచేస్తున్నాడు. లోహపు మొనల దగ్గర వెలుగు, పలకకు మరీ దగ్గరగా జరిపితే తప్ప రావడం లేదు, అంతలోనే మెరుపు కొట్టే ప్రమాదం. అదే సమయంలో ఆ మొనలకు విద్యుత్తు తెచ్చే తీగ, ఎదుటి ధ్రువానికి చాలా దూరంలో ఉన్నా, పొడవునా అందమైన ఊదారంగులో మెరుస్తోంది. ఆ తీగకు నూలు చుట్టి ఉంది. నూలు పోగులే వేలాది అతిసన్నని మొనలై విద్యుత్తును వదులుతున్నాయని ఆయన గ్రహించాడు. నూగు ఎలక్ట్రోడు అలా పుట్టింది. ఇవాళ అయానైజర్లలో కనిపించే కార్బన్ పోగుల కుచ్చును చూసినప్పుడల్లా నాకు ఆ నూలు తీగే గుర్తొస్తుంది. సన్నని మొన తక్కువ వోల్టేజిలోనే పని మొదలుపెడుతుంది, దాంతో ఓజోన్ కూడా తగ్గుతుంది.

1930లలో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజినీరు గేలార్డ్ పెన్నీ దీన్ని మనుషులుండే గదులకు తెచ్చాడు. ఆయన రెండు పనులను విడదీశాడు. మొదటి గదిలో సన్నని తీగలతో కణాలకు ఆవేశం ఎక్కించడం, రెండో గదిలో దగ్గర దగ్గరగా పేర్చిన పలకల మీద వాటిని పట్టుకోవడం. తీగలకు ఋణ వోల్టేజికి బదులు ధన వోల్టేజి ఇచ్చాడు, ఎందుకంటే ధన కరోనాలో ఓజోన్ చాలా తక్కువ (కరోనా అంటే సన్నని మొన, తీగ చుట్టూ గాలి చీలి మెరిసే విద్యుత్ ఉత్సర్గం). ఈ రెండు మార్పులూ అయాన్లను పెంచేవి కావు. ఒకటి కణాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించింది, రెండోది వద్దనుకున్నదాన్ని తగ్గించింది. ఈ రంగంలో నిలిచిన ప్రతి ఆవిష్కరణలోనూ నాకు ఇదే కనిపిస్తుంది: అయాను పుట్టాక దాని దారి ఏమిటి, దానితో పుట్టిన చెడు దారి ఏమిటి అన్న ప్రశ్నకు కొత్త జవాబు.

పట్టుకునే పలకల లెక్క కూడా తేలికైనదే. కణం పలక వైపు జరిగే వేగాన్ని పలకల మొత్తం వైశాల్యంతో గుణించి, సెకనుకు పోయే గాలితో భాగించండి. కణం సెకనుకు 5 సెంటీమీటర్లు జరుగుతుందనుకుంటే, 2 చదరపు మీటర్ల పలకలు, సెకనుకు 0.1 ఘనపు మీటరు గాలి ఉన్నప్పుడు ఆ విలువ 1. అప్పుడు ఒక విడతలో 63 శాతం కణాలు చిక్కుతాయి. వైశాల్యం రెట్టింపు చేస్తే 86 శాతం. ఇంత పట్టుకుంటూ కూడా గాలికి దాదాపు అడ్డే ఉండదు, హెపా ఫిల్టరు మాదిరిగా ఫ్యాను ఆయాసపడదు. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపే హెపాకు ప్రత్యామ్నాయంగా దీన్ని చూడకండి. తక్కువ విద్యుత్తుతో, చప్పుడు లేకుండా ఎక్కువ గాలిని తిప్పగలగడమే దీని బలం. మీ సూదుల తరువాత పట్టుకునే పలకో, ఆవేశమున్న పోగుల ఫిల్టరో లేదు. నా దృష్టిలో మీ నమూనాలో పెద్ద లోటు అదే. అతినీలలోహిత దీపం తీసి ఆ స్థలంలో పలకలు పెట్టినా నేను అభ్యంతరం చెప్పను.

దీపం మాట వచ్చింది కాబట్టి. 254 నానోమీటర్ల కిరణాలు సూక్ష్మజీవులను చంపుతాయనడంలో సందేహం లేదు. 1877లో డౌన్స్, బ్లంట్ సూర్యకాంతితో బాక్టీరియా చావడాన్ని గమనించిన నాటి నుంచి దానికి పునాది ఉంది. అయితే అక్కడ లెక్కకు వచ్చేది తీవ్రతను కాలంతో గుణించగా వచ్చే మోతాదు. మీ పెట్టెలో గాలి సెకనుకు 2 మీటర్లు పోతుంటే, దీపం వెలుగు పడే 20 సెంటీమీటర్లు దాటడానికి 0.1 సెకను. తీవ్రత చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీవాట్లనుకుంటే మోతాదు 0.2 మిల్లీజౌళ్లు. 90 శాతం చావడానికి 2 మిల్లీజౌళ్లు కావలసిన బాక్టీరియాలో ఒక విడతకు చచ్చేది 20 శాతం. బూజు విత్తనాలకు ఇది ఏ మూలకూ చాలదు. దీని కోసమే గదిపైభాగంలో దీపాలు పెట్టే పద్ధతి వచ్చింది, అక్కడ గాలి నెమ్మదిగా, ఎక్కువసేపు వెలుగులో ఉంటుంది. దీపపు గాజు 185 నానోమీటర్ల కిరణాన్ని ఆపే రకమేనా చూసుకోండి, ఆపకపోతే అది కూడా ఓజోన్‌ను పుట్టిస్తుంది. టైటానియం జాలీ గురించి ఎక్కువ చెప్పను. దాని మీద చర్య జరుగుతుంది గానీ, గాలి ఆగకుండా దాటిపోయే పలచని జాలీలో సగం కాలిన ఆవిర్లే, ముఖ్యంగా ఫార్మాల్డిహైడ్, బయటికి వచ్చే ప్రమాదం ఉంది. కొలవకుండా దాన్ని ఉంచవద్దు.

ఇప్పుడు మీ సూదుల దగ్గరికి వద్దాం. కొన్ని వందల గంటలు నడిచిన సూదిని భూతద్దం కింద పెట్టి చూశారా? కొన చుట్టూ తెల్లటి దూదిలాంటి నూగు పెరిగి ఉంటుంది. కరోనాలో పుట్టే నైట్రిక్ ఆమ్లం గాలిలోని అమోనియాతో కలిసి ఏర్పడే అమ్మోనియం నైట్రేటు అందులో ముఖ్యమైనది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. జుట్టు స్ప్రేలు, కొన్ని పాలిష్‌ల నుంచి వచ్చే సిలికాన్ ఆవిర్లున్న గదిలో మాత్రం కొన మీద ఇసుకలాంటి గట్టి పొర కడుతుంది. అది తడిగుడ్డకు లొంగదు, గీకాలి. నూగు పెరిగేకొద్దీ మొన మొద్దుబారినట్టవుతుంది, అయాన్లు తగ్గుతాయి, ధన, ఋణ సమతూకం ఒక పక్కకు ఒరుగుతుంది. కొత్త పరికరం మీద తీసిన నివేదికకూ, ఆరు నెలలు వాడిన పరికరానికీ సంబంధం లేకుండా చేసేది ఈ నూగే. వినియోగదారుల్లో సూదులు తుడిచేవారు చాలా అరుదు. అందుకే ప్రవాహం తగ్గడాన్ని గుర్తించి, సూదిని వెనక్కి లాగి, రంధ్రం అంచుకు రాపిడి కలిగించే మీ ఏర్పాటు నాకు విలువైనదిగా కనిపించింది. దానికి కాలం లెక్క గాక విద్యుత్తు లెక్క ఆధారం కావడం నాకు మరీ నచ్చింది.

అయినా ముందే హెచ్చరిస్తున్నాను: బ్రష్షుతో సూదులను శుభ్రం చేసే ఏర్పాట్లు స్థిరవిద్యుత్తు తొలగించే అయానైజర్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. ‘శుభ్రపరిచే సాధనం గల అయానైజర్’ అని పేటెంటు హక్కు కోరితే మొదటి వారంలోనే తిరస్కరణకు దారి దొరుకుతుంది. మీరు కోరవలసింది ఇంకా ఇరుకైనది: ప్రవాహం ఏ మేరకు, ఎంతసేపు తగ్గితే పని మొదలవుతుంది, సూది ఆ రంధ్రంలోంచి పోయేటప్పుడు వోల్టేజి ఏ స్థితిలో ఉంటుంది, అంచు ఏ పదార్థం, నైట్రేటు నూగుకూ సిలికా పొరకూ తేడాను పరికరం గుర్తించగలదా, రాలిన పొడి గాలిలోకి పోకుండా ఎక్కడ నిలుస్తుంది. చివరి రెండింటికి మీ దగ్గర జవాబుంటే అక్కడే అసలు దరఖాస్తు ఉంది.

వెతకడానికి అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో ఈ గుర్తులు వాడండి. గాలిని అయనీకరణంతో క్రిమిరహితం చేయడానికి ఏ61ఎల్ 9/22, అతినీలలోహితంతో అయితే ఏ61ఎల్ 9/20. స్థిరవిద్యుత్తుతో కణాలను వేరుచేయడానికి బీ03సీ 3. బయటి గాలిలోకి అయాన్లు వదిలే సాధనాలకు హెచ్01టీ 23. గదుల గాలి శుద్ధిలో అయనీకరణానికి ఎఫ్24ఎఫ్ 8/30. శుభ్రపరిచే ఏర్పాటు కోసం హెచ్01టీ, బీ03సీ రెండింట్లోనూ చూడాలి, ఒక చోట దొరకనిది రెండో చోట దొరుకుతుంది. మాటలతో వెతికితే సగమే వస్తాయి, ఎందుకంటే ఒకరు సూది అన్నదాన్ని ఇంకొకరు ఉద్గార ఎలక్ట్రోడు అని రాస్తారు.

అయాన్లు, దీపం, జాలీ వరుసగా పేర్చిన కలయికకు ఎందుకు కష్టమో కూడా చెబుతాను. మూడూ తెలిసినవే, పక్కపక్కన ఉన్నా ఎవరి పని వారే చేసుకుంటున్నాయి. పరీక్షకుడు దాన్ని కలయిక అనడు, పేర్చడం అంటాడు. మూడూ కలిసినప్పుడు విడివిడి ఫలితాల మొత్తం కంటే ఎక్కువ వస్తోందని అంకెలతో చూపితే తప్ప ముందుకు సాగదు. ఇంకో మాట, చాలామంది పొరబడేది: పేటెంటు వచ్చిందంటే పరికరం బాగా పనిచేస్తుందని ఎవరూ ధ్రువీకరించినట్టు కాదు. అది కొత్తదనానికి ఇచ్చే హక్కు మాత్రమే. దరఖాస్తు వేయకముందు ఆ సూదుల ఏర్పాటు వివరాలు ఎక్కడా బయటపెట్టకండి, చాలా దేశాల్లో ముందుగా వెల్లడైతే కొత్తదనం పోయినట్టే. ఇక్కడ, అందరూ చదివే చోట, మీరు రాసిన ఆ ఒక్క వాక్యం కూడా ఎక్కువే. దాన్ని ఇంకా విడమరచి చెప్పమని ఎవరు అడిగినా, నేను అడిగినా సరే, చెప్పకండి. న్యాయ సలహాదారుకు మాత్రం ఈ రోజే ఆ వాక్యాన్ని, అది రాసిన తేదీని చూపించండి.

పరికరంతో ఈ నెలలో చేయదగిన పని ఇది. 30 ఘనపు మీటర్లకు తక్కువ కాని ఛాంబరు దొరకబుచ్చుకోండి. మూడు సార్లు నడపండి: అంతా ఆపి, ఫ్యాను మాత్రమే తిప్పి, అన్నీ నడిపి. ప్రతిసారీ ఉష్ణోగ్రత, తేమ ఒకటే ఉండాలి, తేమ మారితే కరోనా, ఓజోన్, బాక్టీరియా మూడూ మారతాయి. ఓజోన్‌ను అతినీలలోహిత శోషణతో కొలిచే మీటరుతో, కనీసం అంకె నిలకడగా ఆగేదాకా కొలవండి. చవక సెన్సర్లు ఇతర ఆవిర్లకు కూడా స్పందించి మోసం చేస్తాయి. ఫార్మాల్డిహైడ్‌ను విడిగా కొలిపించండి. సూది వైపు విద్యుత్ పెట్టె మూత తెరవగానే అధిక వోల్టేజి, దీపం రెండూ ఆగిపోయే స్విచ్చు ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే అన్నిటికన్నా ముందు అది పెట్టండి. ఆ తరువాత అదే పరికరాన్ని 1,000 గంటలు మామూలు గదిలో నడిపి, ఒక సూదుల వరుసకు శుభ్రపరిచే ఏర్పాటు ఉంచి, ఒకదానికి తీసేసి, ప్రవాహం ఎలా పడిపోయిందో రెండు గీతలు గీయండి. దరఖాస్తు దాఖలయ్యాక ఆ రెండు గీతలూ ఇక్కడ పెట్టండి. ఛాంబరు అంకెలు కూడా ఉంటే సహజ తగ్గుదల తీసేసి లెక్క నేనే వేసి చూపిస్తాను.